పాత బాక్సర్లా, ఇప్పటివాళ్లా?

సూళ్లూరుపేటలో చెన్నై రైలెక్కిన ఒక చేపల వ్యాపారి, బాక్సింగ్ నేర్చుకుంటున్న ఆయన కూతురు నా ఎదుటి సీట్లో కూర్చున్నారు. క్యూబా ప్రొఫెషనల్ బాక్సర్లలో ఏ కాలంవాళ్లు గొప్పని గట్టిగా వాదించుకుంటున్నారు.

"పాతోళ్లు పదైదు రౌండ్లు నిలబడి కొట్టినారు పాపా," అన్నాడాయన.

"క్యూబాలో డబ్బుకాడేది నిషేధమని ఇప్పటోళ్లు దేశమొదిలి పారిపోయొచ్చి గెలిచినారు నాయనా! మీదికి దెబ్బ రానిస్తే గదా?" అంది ఆ పిల్ల.

ఆమెను చూస్తే నాకు కుళ్లు పుట్టింది. నిజామాబాద్‌లో నేను ఏళ్ల తరబడి రింగులో దిగాను. మా నాన్న ఒక్క పోటీకీ రాలేదు. గెలిచానా, ఓడానా అనైనా అడగలేదు.

నేనూ బాక్సర్‌నేనని చెప్పగానే ఆయన ఉత్సాహంగా నావైపు తిరిగాడు. "మీ నాయన ఎవురు గొప్పంటాడమ్మా?"

"పాతవాళ్లేనంటారు," అన్నాను. "దానిమీద మా ఇంట్లో రోజూ గొడవే."