విమానాలాయప్పకు మా మామ వేసిన తువ్వాలు

ఇంజినీరింగు ఆఖరి సంవత్సరంలో ఉన్న ఆ రోజుల్లో, లోకంలోని కష్టాలన్నిటికీ కారణం ఒక్కటేనని నా గట్టి నమ్మకం: ఎవరూ జాబితా రాసుకోకపోవడం. మదనపల్లె హాస్టల్లో స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా నేను జాబితా రాసుకునేవాణ్ణి (సబ్బు, బకెట్టు, గది తాళం; తువ్వాలు మాత్రం ఎప్పుడూ మరిచిపోయేవాణ్ణి). నా మంచం పైన దేవుడి పటం ఉండాల్సిన చోట ఒక చౌక విమాన సంస్థ యజమాని ఫోటో ఉండేది. నీళ్ళకు డబ్బు, కిటికీ సీటుకు డబ్బు, కాళ్ళు చాపుకుంటే డబ్బు అని దేశమంతా దుమ్మెత్తిపోస్తుంటే, "తిట్టండి, టికెట్టు మాత్రం నా దగ్గరే కొనండి" అని టీవీలో నవ్వేవాడాయన. తెలుగువాడే. క్షమించండి అన్న మాట ఆయన నోట విన్నవాళ్ళు లేరు. "ఊరగాయ జాడీలు మోసుకెళ్ళాలంటే లారీ ఎక్కండి" అన్న రోజున సగం దేశం ఆయనకు దండం పెట్టింది, మిగతా సగం శాపనార్థాలు పెట్టింది. ఆ రెండో సగంలో మా మామ ఒకడు. పుంగనూరులో టమోటా మండీ ఆయనది. కూతురింటికి పోతూ జీవితంలో మొదటిసారి ఆ సంస్థ విమానమెక్కబోతే ఊరగాయ జాడీకి వేరే డబ్బడిగారట. ఇవ్వనని, జాడీని అక్కడే వదిలేసి పోయాడు. సరిగ్గా ఆ వారంలోనే టీవీలో ఆ లారీ మాట వచ్చింది. అది తనను చూసే అన్నాడని మామ ఈనాటికీ నమ్ముతాడు.

అలాంటి విమానాలాయన పొద్దున మా కాలేజీలో, సాయంత్రం కుప్పంలోని మరో కాలేజీలో మాట్లాడటానికి వస్తున్నాడని తెలిసినప్పుడు నా కాళ్ళు నేలమీద నిలవలేదు. వెంట ఉండి కుప్పం చేర్చే పని, నా జాబితాల పిచ్చి తెలిసిన ప్రిన్సిపాలు నాకే అప్పగించాడు. పొద్దుటి సభ ముగిశాక విమానాలాయన నా కాగితం లాక్కుని చదివాడు (మంచినీళ్ళు, గొడుగు, తలనొప్పి మాత్ర, అదనపు మైకు, అదనపు మైకుకు అదనపు బ్యాటరీ). "బాగుందయ్యా. సాయంత్రం టైముకు నన్ను స్టేజీ ఎక్కించు, సోమవారం వచ్చి మా దగ్గర ట్రైనింగులో చేరు" అన్నాడు. నాకు చెవుల్లో విమానం మోత వినిపించింది. ఆ మోత పుంగనూరు పొలిమేర దాకానే. అక్కడ కాలేజీ కారు ఆవిరి కక్కి ఆగిపోయింది. జాబితాలో ఇంకో కారు లేదు.

"బస్సు లేదా? పద" అన్నాడాయన ఉత్సాహంగా. మధ్యాహ్నం కుప్పం బస్సులో సీటు దొరకడమంటే ఏమిటో ఆయనకు తెలియదు. బస్సు స్టాండులోకి తిరగ్గానే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, సంచులు, ఒక్కోసారి చెప్పులు కూడా లోపలికి ఎగురుతాయి. గుడ్డ పడిన సీటు గుడ్డ వేసినవాళ్ళదే, ఎవరూ తీయరు. మామకు ఫోన్ చేశాను.

"మామా, కుప్పం బస్సులో రెండు సీట్లకు తువ్వాలు వెయ్యి. పెద్దాయన వస్తాండాడు."

"ఎవుర్రా అంత పెద్దాయన?"

"వచ్చినాక చెప్తా" అని పెట్టేశాను (నా తెలివి అంతటిది).

మేము చెమటలు కక్కుతూ ఎక్కేసరికి బస్సు కిక్కిరిసి ఉంది. మామ కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద ఎర్ర తువ్వాలు పరిచి, పెళ్ళికొడుకు కోసం చూసినట్టు వాకిలి వైపు చూస్తున్నాడు. నా వెనకున్న మనిషిని చూశాడు. తువ్వాలు మీద చెయ్యి వేశాడు.

"అల్లుడా, నా ఊరగాయ జాడీకి దుడ్లడిగిన ఈయప్పకా నేను తువ్వాలేసింది? ఇయ్యను. దిగేదీ లేదు. కుప్పం దాకా నేనే పోతా."

బస్సంతా ఇటు తిరిగింది. "నీళ్ళకు దుడ్లడిగే ఆయప్ప ఈయప్పే!" అని వెనక సీటామె అరిచింది. "ఏమప్పా, ఈడ నిలబడేదానికి ఎంతియ్యాల?" అని ఇంకొకరు. బస్సు కదిలింది. నా సోమవారం రోడ్డు మీద పడి దొర్లుకుంటూ పోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

విమానాలాయన మాత్రం నవ్వుతూ పర్సు తీశాడు. "సీటుకు ఎంత కావాలో చెప్పండి, ఇస్తాను."

"తువ్వాలు అమ్మేది కాదు సామీ. ఇచ్చేది. నాకు ఇయ్యబుద్ధి కాలా, అంతే."

ఆయన పర్సు మూశాడు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక మలుపులో తూలి కండక్టరు మీద పడ్డాడు, ఇంకో మలుపులో నా మీద. మామ కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటిస్తూ ఓరకంట ఆయన కాళ్ళనే చూస్తున్నాడు. చివరికి తువ్వాలు లాగి భుజాన వేసుకున్నాడు.

"కూసోప్పా. నీ వయసుకు అట్ల ఊగులాడితే సూసేదానికి నాకే బాగలేదు."

ఆయన కూర్చున్నాడు. చొక్కా సర్దుకుని, "జాడీలో ఏం ఊరగాయ?" అని అడిగాడు. అంతే. మాంగాయలు ఎక్కడివి, ఏ ఎండలో ఆరబెట్టారు, మా అత్త ఉప్పు ఎట్లా కలుపుతుంది, మొత్తం కుప్పం వచ్చేదాకా. నేను నిలబడే ఉన్నాను. నా సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

విమానాలాయన టైముకే స్టేజీ ఎక్కాడు. మైకు పట్టుకోగానే, "సీటుకు డబ్బెందుకని అందరూ నన్ను తిడతారు. ఈరోజు ఒక పెద్దమనిషి నాకు ఉచితంగా సీటిచ్చాడు. దారంతా ఊరగాయ కథ విన్నాను. అందుకే నేను డబ్బు తీసుకుని మిమ్మల్ని వదిలేస్తాను, కథలు చెప్పను!" అన్నాడు. హాలు దద్దరిల్లింది. మా వెంటే వచ్చిన మామ ఏమంటాడోనని వెనక్కి తిరిగాను. ఆఖరి వరసలో మామ లేచి నిలబడి పక్కవాళ్ళ భుజాలు చరుస్తున్నాడు: "నన్నే! నన్నే తిడతాండాడు!"

సోమవారం నేను ట్రైనింగులో చేరాను. వెళ్ళేటప్పుడు ఆయనకు మా అత్త కొత్త జాడీ పంపింది (లారీలో. మామ పట్టుబట్టాడు).

ఇప్పుడు ఏ సీటుకు ఎంత అని లెక్కగట్టే విభాగంలోనే నా ఉద్యోగం. ఆయన మీద తిట్లు ఆగలేదు. వాటిలో కొన్ని న్యాయమైనవేనని ఇప్పుడు నాకు తెలుసు. గోడ మీది ఫోటో తీసేసి చాలా కాలమైంది. మొన్న సెలవులో మదనపల్లె స్టాండులో పుంగనూరు బస్సు మలుపు తిరగ్గానే నా చెయ్యి తనంతట తానే జేబులోని కర్చీఫు తీసి విసిరింది. గురి తప్పి అది నడవలో పడింది. ఎక్కి చూద్దును కదా, ఎవరో దాన్ని దులిపి, మడత విప్పి, కిటికీ పక్క సీటు మీద చక్కగా పరిచి ఉంచారు. కూర్చున్నాను, గాలి బాగా వస్తోంది.