విక్టర్ చెప్పని తొమ్మిది పేర్లు

1996 జూన్ 12, బుధవారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. ప్రొద్దుటూరులోని ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సుగా నాకది నాలుగో ఏడు. జమ్మలమడుగు దారిలో ఒక జీపు మీద బాంబులు వేశారని, గాయపడిన విక్టర్‌ను క్యాజువాలిటీకి తెచ్చారు. వయసు ఇరవై ఏడు. బాంబులు వేసింది అతని మేనమామ కోసం. ఆయన ఊళ్లో ఒక పార్టీకి, అంటే ఒక ముఠాకు, పెద్ద. ఆరోజు విక్టర్ ముందు సీట్లో, మేనమామ వెనక సీట్లో కూర్చున్నందున ఆయన బతికాడు.

విక్టర్ బెంగళూరులో ఒక రాక్ బ్యాండులో గిటారు వాయించేవాడు. మా సీమ మాటల్లోనే పాడి ఒక క్యాసెట్ తెచ్చాడు. జమ్మలమడుగు, పులివెందుల కుర్రకారు దాన్ని కాపీలు తీసుకుని అరిగిపోయేదాకా వినేవారు, అతనిలా జుట్టు పెంచేవారు. తాగుడు ఎక్కువై బ్యాండువాళ్లు పంపేస్తే ఇంటికి వచ్చాడు. తల్లి మీద చెయ్యి చేసుకున్నాడని కూడా నాకు తెలుసు. అతన్ని మహాత్ముణ్ణి చేయడానికి ఇది రాయడం లేదు.

రోగి బతకడనిపిస్తే మేజిస్ట్రేటుకు కబురు వెళుతుంది. స్పృహలో ఉన్నాడని డాక్టరు రాసిచ్చాక మేజిస్ట్రేటు వచ్చి మరణ వాంగ్మూలం తీసుకుంటారు. కోర్టులో దానికి బలమెక్కువ. అందుకే ఆయన వచ్చేలోగా పెద్దలు మంచం దగ్గర చేరి, చేసినవాళ్లవీ చేయనివాళ్లవీ ఎదుటి పార్టీ పేర్లన్నీ నేర్పడం మా వైపు అలవాటు. ఆ సమయంలో బంధువులను రానివ్వకూడదు. "రెండు నిమిషాలమ్మా" అంటే మేనమామను నేను రానిచ్చాను. తప్పు నాది.

ఆయన తొమ్మిది పేర్లు రెండుసార్లు చెప్పాడు.

"వాళ్లంతా ఆడ ఉండిరా మామా?" అన్నాడు విక్టర్.

"ఉంటే ఏంది, లేకుంటే ఏంది? పాటలని తిరిగి పాడైపోతివి. ఈ ఒక్కటన్నా సక్రమంగా చెయ్‌రా."

"పాటల కాడనే నీ మాట ఇన్లేదు మామా. సచ్చేటప్పుడు ఇంటానా?"

ఒంటిగంటా పదికి మేజిస్ట్రేటు వచ్చి అందరినీ పంపేశారు. సెలైన్ చూసేందుకు నన్ను ఉండమన్నారు. విక్టర్ చెప్పింది ఇంతే: "పొగ తప్ప ఏమీ కనపళ్లేదు సార్. ఎవురి పేరూ చెప్పను." మగవాళ్లకు మామూలుగా ఎడమ బొటనవేలి ముద్ర తీస్తారు; ఆ చేయి నలిగిపోయినందున కుడి బొటనవేలి ముద్ర తీసుకున్నారు. సాయంత్రం నాలుగుంబావుకు పోయాడు.

ఈ మాట క్యాసెట్ పోయిన ఊళ్లన్నిటికీ పోయింది. మూడేళ్ల తర్వాత పులివెందుల వైపు నుంచి కత్తిపోట్లతో ఒక యువకుడు వచ్చాడు. భుజాల దాకా జుట్టు. తండ్రి గుమ్మం బయటి నుంచే పేర్లు అందిస్తుంటే, "విక్టరన్న చెప్పినాడా నాయనా? పొడిచినోడు ఒగడే. ఆ ఒగని పేరే చెప్తా" అన్నాడు. అతను బతికాడు. నేను రిటైరయ్యేలోగా అలా చెప్పినవాళ్లు మరో ముగ్గురు. విక్టర్ తాగుడు మాత్రమే నేర్చుకుని, కాలేయం చెడి మా వార్డులో పోయినవాళ్లు ఇద్దరు.

నేను నేర్చుకున్నది ఒకటి: వాంగ్మూలానికి ముందు తలుపు దగ్గర నర్సే నిలబడాలి, రెండు నిమిషాలకు కూడా కదలకూడదు. అందరూ విక్టర్లు కారు.

ఆ కేసులో పోయినవి: ఒక ప్రాణం, అంతకు ముందే బాంబుకు ఎడమచేతి మూడు వేళ్లు, జీపులో ఉన్న గిటారు. ఆ తొమ్మిది మందిలో ఎవరూ జైలుకు పోలేదు. బాంబులు వేసినవాళ్లూ పోలేదు.