మాఫీ ఇచ్చాక కారెక్కమంటే

మా కంపెనీ వెల్డర్ మల్లేశ్‌కు అరబ్బీ తర్జుమా చేయడానికి ఈ రోజు సౌదీలోని జుబైల్ ట్రాఫిక్ పోలీసుల దగ్గరికి వెళ్లాను. పోయిన వారం డ్రైవర్ ఖాదర్ అడ్డదిడ్డంగా తోలి మా లేబర్ క్యాంపు వ్యాను బోల్తా కొట్టించాడు. అందులో ఉన్న మల్లేశ్‌కు కుడిచెయ్యి విరిగింది. తప్పు డ్రైవర్‌దేనని తేల్చి అతన్ని లోపలేసిన పోలీసులు, దెబ్బ తగిలిన మనిషి మాఫీ ఇస్తేనే వదులుతామన్నారు.

"గాయన లోపలుంటే నా చెయ్యి అతుకుతదా సార్?" అంటూ మల్లేశ్ ఎడమచేత్తో వేలిముద్ర వేశాడు.

బయటికొచ్చిన ఖాదర్ కళ్లు తుడుచుకుని, నా కారు తాళాల కోసం చెయ్యి చాపాడు. "రాన్నా, క్యాంపు కాడ నేనే దింపుతా."

మల్లేశ్ వెనక్కి జరిగాడు. "మాఫీ ఇచ్చిన గని తమ్మీ, పాణం ఇస్తనన్లే!"

చివరికి నేనే తోలాను. దారంతా "మెల్లగా సార్, మెల్లగా" అని వెనకసీట్లోంచి వణికింది మాత్రం ఖాదరే! నా కారెక్కినవాళ్లు నిజం చెప్పండి, నేనంత ఘోరంగా తోలతానా?