అమ్మవారు పోసిందా, మొటిమలా?

ఇలగ దగ్గరకొచ్చి కూకోండి, పీట లాక్కోండి. మా ఇంట్లో జరిగిందే సెప్తాను, నాకింకా ఓ పట్టాన బోధపళ్ళేదు.

మా అమ్మాయికి మొహం నిండా మొటిమలు. చున్నీ ముక్కుదాకా కప్పుకుంటేగానీ ఈ హిందీవోళ్ళ ఊళ్ళో మా బాగ్‌బేరా సందు దాటేది కాదు. చర్మం డాక్టరమ్మ మందు ఫేస్‌వాష్ రాసింది. "రెండుపూట్లా ఒక్కోసారి నురగ రాసి కడిగెయ్యి, అంతకంటే వద్దు" అంది. ఈలోగా బట్టలకొట్లో ఉద్యోగానికి పిలుపొచ్చింది, సోమవారం ఎల్లాలి. మొహం కప్పుకోకుండా ఎల్తాదా, ఎల్లదా, అదే మా బెంగ.

ఆదివారం మా అత్తమ్మ మా పిల్ల బుగ్గ తడిమింది. కళ్ళు ఆనవు, సేతి ఏళ్ళతోనే చూత్తాది. పొక్కులు లేత్తే అమ్మవారు పోసిందంటారు మావోళ్ళు. మందు రాయరు, కూరకి పోపెయ్యరు.

"అమ్మవారే ఇది. మందులు పూత్తారేటి" అని ఫేస్‌వాష్ ట్యూబు లాక్కెళ్ళి దేవుడి గూట్లో ఎట్టేసింది. గుమ్మానికి వేపమండలు కట్టించింది.

"దాదీ, ముహాసే హై, మాతా నహీ" అంది పిల్ల, మొటిమలే నానమ్మా, అమ్మవారు కాదని.

"హిందీలో సెప్తే అమ్మవారు ఎల్లిపోద్దా?"

ఎవరి మాట ఇనాలి నేను? డాక్టరమ్మ సదువుకున్నాది. అత్తమ్మ నా పిల్లల్ని పెంచింది. ట్యూబు తీద్దామని గూట్లోకి సెయ్యి జాపాను, దండం ఎట్టేసి వచ్చేసాను.

సోమవారం పిల్ల గుమ్మంలో కూకుండిపోయింది, ఎల్లనంది. అత్తమ్మ కరిగింది. "పోనీ, అమ్మవారిని ఇయ్యాలే సాగనంపేద్దాం" అని వేపనీళ్ళు కాయించి, మొహం నిండా పసుపు పామి, తనే నీళ్ళు పోసింది. అప్పుడు ట్యూబు సేతికిచ్చింది. ఎంత నురగెట్టి కడిగినా పసుపు వదల్లేదు. మళ్ళీ కడగబోతే డాక్టరమ్మ వద్దంది కదా అని నేనే ఆపాను.

పిల్ల అద్దం చూసుకుంది. "మమ్మీ, పచ్చదనంలో మొటిమలు కనబడ్డం లేదు" అని చున్నీ మెళ్ళో ఏసుకుని ఎల్లిపోయింది.

మద్దేనం నవ్వుతా వచ్చింది. కొట్టు సేఠ్ మొహం మీద పసుపు సూసి "ఇంట్లో పెళ్ళా?" అనడిగాడట. ఇది అవునందట. "పెళ్ళి కానిచ్చుకుని వచ్చేవారం చేరు" అన్నాడట.

అమ్మవారి దయంటాది అత్తమ్మ. ఫేస్‌వాష్ అంటాది పిల్ల. వచ్చేవారం సేఠ్ ఎవరిది పెళ్ళని అడిగితే ఏటి సెప్పాలో మాత్రం ఇద్దరూ సెప్పరు.

మీ పిల్లలు నిండుమొహాలతో తిరగాల, మీ గడప సల్లగుండాల.