ఫుమియే గోడ మీది సూర్యుడు

ఇసాబురో గీసిన ఫుజి కొండలన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే చందమామ గడ్డానికి తగిలేవి. యాభై ఏళ్లుగా టోక్యో స్నానశాలల గోడల మీద ఆ కొండను గీయడమే ఆయన బతుకు. ఆకాశం తేటగా ఉన్న పొద్దుల్లో అసలు కొండే తన పోలిక సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి నగరంలోకి తొంగిచూస్తుందని చెప్పేవాడు. ఒక ముసలాయన ఒంటిమీద తువ్వాలైనా లేకుండా గోడలోని కొండెక్కి, మూడు రోజుల తర్వాత అరికాళ్లకు మంచు అంటించుకుని దిగివచ్చాడట. నమ్మనివాళ్లకు ఆ అరికాళ్లు చూపించేవాడే, పాపం ఆ మనిషే పోయాడు.

స్నానశాలకు సెలవున్న ఒక్క రోజులోనే బొమ్మ పూర్తి కావాలి. తొట్ల మీద పలకలు పరిచి, పాత బొమ్మ మీదే కొత్తది వేసేవాడు. ముందు ఆకాశం, చివర నీళ్లు. పైనుంచి కారిన రంగు కింది రంగులో కలిసిపోయేది. ఇన్నేళ్లలో ఆయన వేయనిది ఒక్కటే, అస్తమించే సూర్యుడు. గోడ మీద పొద్దు వాలితే ఆ స్నానశాలకు జనం రారని అక్కడివాళ్ల గట్టి నమ్మకం.

ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. ఇక ఈ పని మానేద్దామనుకున్నాడు. నిచ్చెన దిగేముందు ఒక్క గోడ మిగిలింది, ఫుమియే స్నానశాలది. అక్కడ తాను ఎప్పుడో వేసిన కొండ పొక్కులు లేచి నీళ్లలోకి రాలుతోంది. కొత్తగా వేయించే స్థోమత ఆమెకు లేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది మిహారు. 'పగటి కునుకు ముఠా' అనే బ్యాండులో గాయని. కొత్త పాటకు వీడియో ఇక్కడే తీస్తారట. బొమ్మ ఖర్చంతా వాళ్లదేనట. ఇసాబురోను కూడా అక్కడికే పిలిపించింది.

"కొండ వెనక పొద్దు దిగుతూ ఉండాలి తాతగారూ. మా పాటంతా అదే. ఎంతకీ అయిపోని సాయంత్రం."

గల్లా పెట్టె దగ్గర ఎత్తుపీట మీద కూర్చున్న ఫుమియే గయ్యిమంది. "నా గోడ మీద పొద్దు దిగడమా? అంతకంటే నన్ను కట్టెలతో పాటు పొయ్యిలో పెట్టు పాపా!"

"అయితే వేరేచోటు చూసుకుంటాం అవ్వా," అని మిహారు చెప్పులు వేసుకోబోయింది.

"ఆగమ్మా," అన్నాడు ఇసాబురో. "నీకు కావలసింది కొండ వెనక ఎర్రటి సూర్యుడు. అంతేగా?"

"అంతే."

"వేస్తాను."

"ఏమయ్యా, రంగుల వాసనకు మతి పోయిందా?" అంది ఫుమియే. ఆయన నవ్వాడు.

సెలవు రోజున ఫుమియే గోడకు వీపు పెట్టి కూర్చుంది. వెనక కుంచె చప్పుడు, అటుపైన నిశ్శబ్దం, మళ్లీ కుంచె. కిటికీలో వెలుగు పసుపై, నారింజై, పల్చబడింది.

"ఒక్కసారి చూసి తిట్టు ఫుమియే."

తిరిగి చూసింది. శిఖరం మీద ఎర్రటి సూర్యుడున్నాడు. కొండ కింద ఎప్పుడూ ఉండే సముద్రం లేదు. ఒక చెరువు ఉంది. దాంట్లో తలకిందులుగా మరో కొండ, మరో సూర్యుడు. గట్టున రెల్లు, రెల్లు మీద తెల్లటి మంచుబొట్లు.

కొండకు పడమటి వైపున్న తనుకి చెరువు అది. ఆ గట్టునే ఆవుల కాపరి ఇంట్లో పుట్టింది ఫుమియే. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా శిఖరం మీదికి వచ్చేవాడు. నిద్రకళ్లతో ఉన్న తనను నాన్న ఎత్తుకెళ్లి చూపించేవాడు.

"మీ ఊళ్లో ఆ కొండ వెనక సూర్యుడు ఏం చేస్తాడు?"

"లేస్తాడు," అంది మెల్లగా.

"మరి తిట్టు."

చాలాసేపు చూసింది. "ఆవులేవయ్యా?"

"పాలు పితికే వేళ. కొట్టంలో ఉన్నాయి."

మర్నాడు తొట్లు నింపారు. ఆవిరి లేచింది. మిహారు నడుములోతు నీళ్లలో నిలబడి పాడుతుంటే గోడ మీది చెరువు కిందికి జారి తొట్లో కలిసినట్టుంది. టోక్యో మేడల మీంచి పొద్దు ఆ కొండ వెనకే వాలడం చూస్తూ పెరిగిన పిల్ల. అనుమానమే రాలేదు.

పాట విడుదలైంది. ఆ సాయంత్రాన్ని చూసి ఏడ్చామని వేలమంది రాశారు. ఫుమియే ఫోనులో అవన్నీ చదివి, ఎత్తుపీట మీద పడీపడీ నవ్వింది.

ఒక మధ్యాహ్నం ఇసాబురో మగవాళ్ల తొట్లో మెడదాకా మునిగి కళ్లు మూసుకున్నాడు. బొమ్మ రెండు వైపులకూ పరుచుకుని ఉంది. అడ్డుగోడ అవతల, ఆడవాళ్ల తొట్లోంచి మిహారు గొంతు వినబడింది.

"తాతగారూ! రెల్లు మీద తెల్లగా ఏమిటవి?"

"మంచు."

నీళ్ల చప్పుడు ఆగింది. "పొద్దు వాలే వేళ మంచా?"

ఆయన గడ్డందాకా నీళ్లలోకి జారాడు.

"అయ్యో! అంటే దేశమంతా తెల్లవారడం చూసి ఏడ్చిందా?"

"ఏడవనీ తల్లీ. మొహం కడుక్కుంటే పోతుంది."

"అరిచింది చాలు," అని ఎత్తుపీట మీంచి ఫుమియే కసిరింది. "బయట జనం నిలబడున్నారు!"

ఇసాబురో కళ్లు తెరిచాడు. ఆవిరిలో సూర్యుడు కదులుతున్నాడు. నిన్నటికంటే వేలెడు పైకి వచ్చాడని ఆయన ఒట్టు వేసి చెప్పేవాడు.