నీలం రంగు బోరింగు

రాజోలు దగ్గర పల్లెలో ఉండే టీచరుగారు పోయారని మంగళవారం పొద్దున్న ఫోను వచ్చింది. రిటైరైన సైన్సు టీచరు. నేను నీటి విభాగంలో అవగాహన కార్యక్రమాలు నడిపే ఉద్యోగిని. ఆవిడ గురించి మంచిమాటలు రాసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే రాస్తున్నాను.

మా కార్యక్రమాలు మీరూ చూసే ఉంటారు. ఫ్లెక్సీ, మైకు, వేదిక మీద పెద్దలు, వాళ్ల ముందు కొనుక్కొచ్చిన నీళ్ల సీసాలు. గంటసేపు ఊరి నీళ్ల గురించి మాట్లాడి, ఆ నీళ్లు ఒక్క గుక్క తాగకుండా జీపెక్కేవాళ్లం. ఓసారి వెనక బెంచీలోంచి ఆవిడ లేచి, "మైకు నాకొద్దు బాబూ. రెండు పొయ్యిలు, కాస్త కందిపప్పు ఇప్పించండి చాలు" అన్నారు. మేం నవ్వాం.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో ఆవిడే పొయ్యిలు పెట్టారు. ఒక గిన్నెలో రొయ్యల చెరువుల పక్క బోరింగు నీళ్లు, రెండోదాంట్లో కాలవ అవతలి బోరింగువి. కాలవ అవతలి నీళ్లలో పప్పు మెత్తగా ఉడికింది. చెరువుల ఉప్పు దిగిన పక్క బోరింగు నీళ్లలో గంటైనా పలుకు పలుకుగానే ఉంది. రెండూ అందరి అరచేతుల్లో వేసి, "నేనేం చెప్పనమ్మా. నమిలి మీరే చెప్పండి" అన్నారు.

తర్వాత ఆడవాళ్లను వెంటబెట్టుకుని ప్రతి బోరింగు నీళ్లూ పరీక్ష చేసి, హ్యాండిళ్లకు రంగు వేయించారు. నీలమైతే తాగొచ్చు, ఎరుపైతే గిన్నెలు తోముకోవడానికే. నెల తిరక్కుండా ఊళ్లోవాళ్లు ఎర్ర బోరింగు దగ్గర తాగేనీళ్ల బిందె పెట్టడం మానేశారు. మా మైకుల వల్ల ఏనాడూ కాని పని అది.

ఇంతలో పై ఆఫీసరు వస్తున్నారన్నారు. చెరువుల పక్క ఎర్ర హ్యాండిల్ కనబడితే చెరువులవాళ్లకు కోపం, పైవాళ్లకు మేం సంజాయిషీ ఇచ్చుకోవాలి. ముందురోజు నేనే దగ్గరుండి దానికి నీలం వేయించాను. ఆవిడ చూసి, "ఆయన వెళ్లేక మళ్లీ ఎర్రరంగు వేయించేస్తారాండీ?" అన్నారు.

"ఆయ్, తప్పకుండానండి."

వేయించలేదు. మొదట బద్ధకం, తర్వాత చెరువులవాళ్లంటే భయం. ఆ వారమే ఆవిడ జారిపడి, తుంటి ఎముక విరిగి మంచం పట్టారు. అక్కణ్నుంచి రెండుసార్లు ఫోను చేశారు. "రంగు వేసేరాండీ?" రెండుసార్లూ వేశామనే చెప్పాను. "అమ్మయ్య" అన్నారు. ఎంత తేలిగ్గా నమ్మేశారో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

టీచరుగారి సమాధిలో మట్టి వేసి తిరిగొస్తుంటే, మాతోపాటే ఏడ్చి వచ్చిన ఒకావిడ ఆ బోరింగు దగ్గర బిందె నింపుతోంది. తాగడానికా అని అడిగాను.

"ఆయ్. కాస్త ఉప్పగా తగుల్తాయండి. అయినా ఎరుపు మీద నీలం వేసేరు కదండీ, నీలమైతే తాగొచ్చని టీచరుగారు చెప్పేరు కదా."

ఈ నీళ్లు మంచివి కావంటూ బిందె ఒంపేశాను. రంగు వేయించింది నేనేనని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"టీచరుగారి కంటే మీకెక్కువ తెలుసాండీ?"

ఖాళీ బిందె మళ్లీ బోరింగు కింద పెట్టి, నీలం హ్యాండిల్ కొట్టడం మొదలుపెట్టింది.