నార్మల్ జాబితాలో నూకరాజు

2002 ఆగస్టులో కాకినాడలోని ఒక ప్రైవేటు స్కాన్ సెంటరులో రేడియాలజిస్టుగా చేరాను. సీటీ యంత్రం కొత్తది, నా పొగరూ కొత్తదే. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల సైజు కొలవాలని నాకో పట్టుదల పుట్టింది. నేను చదివిన పుస్తకాల్లోని కొలతలన్నీ పరాయి దేశాల వాళ్లవి. మన డెల్టాలో పెద్దవాళ్లకి ఆ గ్రంథి ఎంత ఉంటే మామూలో నేనే తేల్చాలనుకున్నాను.

పద్ధతి తేలికే. సీటీలో ఆ గ్రంథి తలకిందులు చేసిన ‘వై’ అక్షరంలా కనిపిస్తుంది. ఒక మొండెం, రెండు కాళ్లు. తెర మీద కర్సరు పెట్టి ఒక్కో కాలి మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచేవాణ్ణి. వేరే జబ్బులకి పొట్ట స్కాను తీయించుకోవడానికి వచ్చినవాళ్లనే నార్మల్ కింద లెక్కేశాను. డాక్టరు చీటీలో అడ్రినల్ మాట లేకపోతే చాలు, ఆ పేరు నా జాబితాకి ఎక్కేది. తప్పు అక్కడే జరిగింది.

నూకరాజు ఉప్పాడ నుంచి వచ్చాడు. సముద్రం మీద వేట చేసే మనిషి, నలభై దాటాయి. కడుపునొప్పి, వాంతులు, చిక్కిపోతున్నాడు, పేగుల్లో ఏమైనా ఉందేమో చూడమని సర్జనుగారు రాశారు. పేగులు తేటగా కనబడటానికి స్కానుకి ముందు మందు కలిపిన నీళ్లు తాగిస్తాం. అతను గ్లాసు పట్టుకుని, “కాస్త ఉప్పేయించండి బాబూ, చప్పగా ఉంది, దిగట్లేదండి” అన్నాడు. “సముద్రంలో ఉన్నది సరిపోలేదేంటి బాబాయ్?” అని మా టెక్నీషియన్ ఆటపట్టించాడు. నేనూ నవ్వాను.

గ్రంథుల కాళ్లు రెండువైపులా రెండేసి మిల్లీమీటర్లు కూడా లేవు. మా భయమంతా లావెక్కిన గ్రంథి గురించే, గడ్డేమోనని. సన్నగా ఉంటే ఊపిరి పీల్చుకునేవాళ్లం. బక్కమనిషి కదా, గ్రంథీ బక్కదే అనుకున్నాను. రిపోర్టులో నార్మల్ అని రాసి, జాబితాలో ఇరవై ఆరో పేరుగా ఎక్కించాను. ఏమీ లేదని విని అతను దండం పెట్టి వెళ్లాడు.

రెండు నెలల తర్వాత ఊళ్లోని ఒక ఫిజీషియన్ గారు ఫోన్ చేశారు. నూకరాజుని జ్వరంతో తీసుకొచ్చారట. బీపీ అందడం లేదు, చిగుళ్లు కూడా నల్లబడ్డాయి, అడ్రినల్ దెబ్బతిందనిపించి మందు మొదలుపెట్టాను, మీ ఫిల్ములు మళ్లీ చూడండి అన్నారు. లైటు పెట్టె మీద ఫిల్ము పెట్టి ఆ సన్నటి కాళ్లని మళ్లీ చూశాను. అవి ఎండిపోయిన గ్రంథులు. ఒంట్లో ఉప్పు నిలబెట్టే హార్మోను వాటి నుంచే రావాలి. అది లేకపోతే మనిషి ఉప్పు కోసం అల్లాడతాడు. గ్రంథి ఎండితే ఒళ్లూ నల్లబడుతుంది. ముందే తెలిస్తే రోజూ మాత్రలు వేసుకుని బతకొచ్చు. నేను తిరిగి ఫోన్ చేసేసరికి నూకరాజు పోయాడు.

దినాలయ్యాక అతని భార్య సత్యవతి నా రిపోర్టు పట్టుకుని వచ్చింది. “ఎండకి మాడిపోయాడనుకున్నామండి. గంజిలో గుప్పెడుప్పు వేసుకునేవాడు. ఏమీ లేదన్నారు కదండీ మీరు, మరెలా పోయాడండి?” అని అడిగింది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె తిట్టినా బాగుండేది. “ఆ వేళే చూసుంటే బాగుండేదండి” అని, రిపోర్టు కవరు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

జాబితా అక్కడితో ఆపేశాను. మిగతా పేర్ల మీదా నాకు నమ్మకం పోయింది. ఎవరు నార్మలో చీటీ చూసి తేల్చకూడదు, మనిషిని అడగాలి. లావుని అనుమానించే కన్ను సన్నాన్నీ అనుమానించాలి. రిటైరయ్యేదాకా, సన్నటి గ్రంథి కనబడిన ప్రతిసారీ బయటికి వెళ్లి, ఉప్పు ఎంత తింటారని ఆ మనిషిని అడిగేవాణ్ణి. నూకరాజు నేను అడగకుండానే చెప్పాడు.